నురగ తగ్గాక చూసిన ఛార్జింగు

మా మరిది ముందుపన్ను ఊడగొట్టింది నేనే. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. అన్నం కేరియరు గట్టిది, నా చెయ్యి అంతకన్నా గట్టిది, అతనేమో నులకమంచం మీద వెల్లకిలా పడుకుని నా మొహంలోకి చూసి నవ్వాడు. నవ్వకుండా ఉంటే పన్ను మిగిలేది.

గొడవంతా కరెంటు ఆటో గురించి. మాది రాజోలు దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల చెరువుల కాపలాకి పోయి ఆ గట్టు మీదే ఉంటాడు. ఇంట్లో నేను, మరిది, తోటికోడలు, అత్తగారు. ఆటో రెండు కాపురాలదీ. పొద్దుటి పూట మరిది కిరాయిలకి తిప్పుతాడు, మధ్యాహ్నం నుంచి నేను. నేను తోలడం నేర్చుకున్నదే అత్తగారి కోసం. ఆవిడ కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం అమలాపురం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి, అదీ ఇచ్చిన వేళకి. ఒకసారి తప్పితే కాళ్ళు వాచిపోయి, ఊపిరాడక, పడుకోలేక గోడకి జారగిలబడి కూర్చుంటుంది. వరసగా రెండుసార్లు తప్పితే మనిషి దక్కదని డాక్టరు నాకూ మరిదికీ మొహం మీదే చెప్పాడు.

ఆటో హేండిలు దగ్గరున్న చిన్న మీటరు అద్దంలో ఛార్జింగు గళ్ళు కనిపిస్తాయి. నిండితే ఐదు. మూడుంటే అమలాపురం వెళ్ళి రావచ్చని బండి కొన్న కొత్తలో చూసుకున్నాం. అందుకని మరిది నాకు అప్పగించేటప్పుడు మూడు గళ్ళుండాలి. తగ్గితే నేను బయల్దేరేలోగా అతనే ఛార్జింగు పెట్టాలి. ఇదీ ఒప్పందం.

మరి ఆ గళ్ళు ఎప్పుడు చూడాలి? ఇక్కడే మా ఇంటి తెలివంతా పనిచేసింది. మాది పాడి ఉన్న ఇల్లు. పిండిన పాలు పిండినట్టే కొలిస్తే కొనేవాడికి సగం నురగే పోసినట్టు. మా ఇంట్లో నురగ తగ్గాకే కొలుస్తాం, అత్తగారు పెట్టిన పద్ధతి అది. ఆటోకీ అదే పద్ధతి పెట్టాం. తిరిగి తిరిగి వచ్చిన బండిని వచ్చినట్టే చూడకుండా నీడలో నిలబెట్టి, మరిది భోంచేసి, బేటరీ కుదుటపడ్డాక తాళం తిప్పి చూసేవాళ్ళం. ఎవరికీ అన్యాయం జరక్కూడదు కదా. అంత ధర్మాత్ములం.

ఒకరోజు అలా చూసిన మూడు గళ్ళతోనే అత్తగారిని ఎక్కించుకుని బయల్దేరాను. వైనతేయ నది మీది వంతెన ఎక్కుతుంటే బండి మూలిగింది. అద్దంలో ఎర్రదీపం వెలిగింది. సగం ఎక్కుడులో ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ మీంచి చెయ్యి తీయడు. ఎవరో పుణ్యాత్ముడు తాడు కట్టి ఇవతలికి లాక్కొచ్చేసరికి మా వేళ దాటిపోయింది. అత్తగారిని వెనక్కి తీసుకొచ్చేశాను.

అప్పుడే ఆ కేరియరు సంగతి.

"నా నెత్తిన ఛార్జింగు లేని డొక్కు పెడతావా?" అన్నాను. మామూలుగా అతన్ని మీరు అనే అంటాను, ఆ పూట రాలేదు.

"మూడు గళ్ళు నువ్వూ చూసేవు కదా వదినా. నీకు తోలడం రాదు, బండినంటే ఏం లాభం," అని నవ్వాడు.

పన్ను ఊడింది. అతను నోట్లో రక్తం ఉమ్మి లేచి, నా జుట్టు దొరకబుచ్చుకుని, గేదెని కట్టే గుంజకేసి కొట్టాడు. నుదురు చిట్లి కంట్లోకి రక్తం కారింది. నేను అతని చెవి పట్టుకుని వదల్లేదు. తోటికోడలు ఏడుస్తూ వచ్చి కుడితి బాల్చీ ఎత్తి మా ఇద్దరి మీదా కుమ్మరించింది. ఆ కంపుకి విడిపోయాం గానీ లేకపోతే ఎవరో ఒకరం పోయేవాళ్ళం. అరుగు మీద అత్తగారు గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని గాలి పీల్చుకుంటూ చూస్తోంది.

మళ్ళీ వంతు వచ్చేసరికి ఆవిడ కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. ఆవేళ ఇంటిల్లిపాదీ బండి చుట్టూ నిలబడ్డాం. నీడలో పెట్టి, కుదుటపడనిచ్చి, తాళం తిప్పాం. మూడు గళ్ళు.

"ఇంకాస్త ఛార్జింగు పెడితే పోలా?" అంది తోటికోడలు.

"ఎందుకూ? మూడున్నాయిగా. నేనూ ఎక్కుతాను, దొంగెవరో వంతెన మీదే తేలుద్ది," అన్నాడు మరిది.

నేనూ పెట్టమనలేదు. పెట్టమంటే, నాకు తోలడం రాదన్న అతని మాట నెగ్గినట్టవుతుంది. అత్తగారు కమ్మీ పట్టుకుని ఎక్కి కూర్చుంది.

వంతెన దాకా బాగానే వచ్చింది. ఎక్కుడు మొదలవగానే ఒక గడి పోయింది. మరి కాస్త ఎక్కాక ఇంకోటి. మరిది నా పక్కనే ఇరుక్కుని కూర్చుని కళ్ళప్పగించి చూస్తున్నాడు. మూడోదీ పోయింది, బండి ఆగింది. ఆగిన కాసేపటికి, మేమిద్దరం చూస్తుండగానే, పోయిన గళ్ళు ఒకటొకటీ తిరిగొచ్చాయి.

ఇప్పుడైతే నాకు తెలుసు. బరువు లాగుతున్నంతసేపూ బేటరీ ఓల్టేజీ కుంగుతుంది, ఆపితే మళ్ళీ లేస్తుంది. మా బండి అద్దం ఆ ఓల్టేజీని చూసే గళ్ళు వేస్తుంది. బేటరీ పాతదైన కొద్దీ కుంగడం ఎక్కువ. నీడలో కనపడిన మూడు గళ్ళే అసలు నురగ. మేము పనిగట్టుకుని దాన్నే కొలిచాం. ఇవాళ మా ఇంట్లో ఎవరు తోలినా మా ఊరి కాలవ మీది చిన్న వంతెన ఎక్కుతూ, బండి లాగుతుండగా చూసిందే లెక్క.

ఆవేళ మాత్రం కళ్ళెదుట కనబడుతున్నా ఇద్దరికీ బుర్రకెక్కలేదు.

"ఇదిగో, ఉన్నాయి. నువ్వే బ్రేకు తొక్కేవు," అన్నాడు.

"నువ్వే వైరేదో మార్చేవు," అన్నాను.

అతను నా మెడ పట్టుకుని వంతెన గోడకి అదిమాడు. నడుము గోడ మీద విరిగినట్టయింది, తల కింద నీళ్ళు. నోటికి అందిన చెయ్యి రక్తం వచ్చేలా కొరికి విడిపించుకున్నాను. సీటు కింద జాకీ రాడ్డు ఉంటుంది, అది లాగి అతని మోకాలి మీద కొట్టాను. కూలబడుతూనే నా మణికట్టు పట్టుకు మెలితిప్పాడు. లోపల ఏదో పుటుక్కుమంది. అయినా రెండో చేత్తో రాడ్డు ఎత్తాను. ఈసారి తల మీదే వేద్దామని ఎత్తాను.

మోటారు సైకిలు మీద పోతున్న పెద్దమనిషి ఒకాయన ఆగాడు.

"ఏవండీ, తర్వాత కొట్టుకుందురు గాని, మీ పెద్దావిడ నడిచి ఎల్లిపోతన్నారండీ."

వెనక సీటు ఖాళీ. రాడ్డు పడేసి పరిగెత్తాను. మరిది కుంటుకుంటూ నా వెనక. వంతెన మీద ఎత్తు దాటాక, ఎండకి కాలుతున్న సిమెంటు మీద ఉత్త కాళ్ళతో కూలబడి ఉంది అత్తగారు. పెదవులు నల్లబడ్డాయి. మరిది ఎత్తబోతే చెంప మీద కొట్టింది. నేను వంగితే నన్నూ కొట్టింది. ఆ చేతుల్లో బలమే లేదు.

"నాకు చావాలని లేదర్రా," అంది. "మీరు కొట్టుకోవడం అయ్యేక ఎవరో ఒకరు నన్ను తీసుకెళ్ళండి."

ఇన్నాళ్ళూ ఆవిడ మా మాట తీసెయ్యలేక వస్తోందనే అనుకున్నాను. బతకాలని ఉందా అని ఎవరం అడగలేదు. విరిగిన చెయ్యి ఊపుకుంటూ రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను. కొబ్బరికాయల వ్యాను ఒకటి ఆగింది. మరిది తల్లిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కాయల మీద కూర్చున్నాడు, నేను కొరికిన చేతి రక్తం ఆవిడ చీర మీద పడుతోంది. నేను కాళ్ళు పట్టుకున్నాను.

"మంచం ఉంటదంటావా అమ్మాయ్?" అంది.

"ఆయ్, ఉంటదండీ అత్తయ్యగారూ," అన్నాను.

అమలాపురం చేరేసరికి నర్సు గుమ్మంలోనే నిలబడి ఉంది. "మీకోసమే ఉంచేమండీ మంచం, తొందరగా దింపండి," అంది. మరిది కదల్లేదు, తల్లి మొహం మీద ఈగలు వాలకుండా చెయ్యి అడ్డం పెట్టుకు కూర్చున్నాడు. ఇక తొందర లేదని నర్సుకి నేనే చెప్పాను.