చప్పుడు చేయని కెమెరా

మా ముత్తాతగారు మొఖాసాదారు. చీపురుపల్లికి తూర్పున కొన్ని ఊళ్ల శిస్తు ఆయన పేరనే వసూలయ్యేది. ఆయన చావడిలో కూర్చున్నారంటే తగవు తీరేదాకా ఇరుపక్షాలవారూ కదిలేవారు కాదు. మా తాతగారి కాలానికి ఎస్టేట్లు రద్దయి శిస్తులు ఆగిపోయాయి గాని విద్వాంసులు రావడం మాత్రం ఆగలేదు. వీణ పట్టుకుని వచ్చినవారికి భోజనం పెట్టి, శాలువా కప్పి, బండి కట్టించి స్టేషనుకు పంపేవారాయన. మా నాన్నగారి కాలానికి శాలువాలు పోయి నమస్కారాలు మిగిలాయి. నేను ఫొటోగ్రాఫర్‌ని, చీపురుపల్లి బజారులో స్టూడియో నడుపుతున్నాను. ఈ వరుసంతా చెప్పడం మా ఇంటి అలవాటు. ఎవరితో మాట మొదలుపెట్టినా ముందు మేమెవరమో చెప్పుకుని, ఆ తర్వాతే పనిలోకి దిగుతాం.

మొన్న ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే మా ఫొటోగ్రాఫర్ల గ్రూపులో సంతాప సభ జరుగుతోంది. ఎవరో పోయారనుకుని కంగారుగా పైకి జరిపి చూశాను. పోయింది మనిషి కాదు. మేమంతా ఇన్నేళ్లుగా వాడుతూ వచ్చిన అద్దం కెమెరాల వరసలో మిగిలిన ఆఖరి మోడల్‌ను కూడా కంపెనీవారు అమ్మకం నుంచి తీసేశారట, ఇకమీద ఆ రకం బాడీ గాని దానికి కూర్చునే కొత్త లెన్సు గాని రాదట. శ్రీకాకుళం నుంచి ఒకాయన తన మొదటి కెమెరాకు బంతిపూల దండ వేసి ఫొటో పెట్టాడు. ఇంకొకాయన పన్నెండో రోజు భోజనాలెక్కడని అడిగాడు. నెల్లిమర్లలో స్టూడియో పెట్టుకున్న మా బావమరిది మాత్రం ఒక్క ముక్క రాశాడు: "ఏడవకండొరే, మా బావ దాని కర్మ ఎప్పుడో సేసీసినాడు."

నవ్వొచ్చింది. ఆ కర్మ సంగతే ఇప్పుడు చెబుతాను.

నేను ఈ పనిలోకి వచ్చింది రీలు రోజుల్లో. మా ఇంట్లో అంతకుముందు ఫొటో అంటే ఒక్కటే, విజయనగరం నుంచి వచ్చిన ఎవరో తీసిన మా తాతగారి ఫొటో. చేతికర్ర మీద చెయ్యి ఆనించి, గడ్డం కాస్త పైకెత్తి, ఎవరో తప్పు చేసినట్టు, తాను క్షమించబోతున్నట్టు కూర్చుని ఉంటారందులో. నేను స్టూడియో తెరిచినప్పుడు మా నాన్నగారు ఆ వీధిలోకే రావడం మానేశారు. ఎవరైనా అడిగితే, మా అబ్బాయి చిత్రకళలో ఉన్నాడని చెప్పేవారు. డబ్బు పుచ్చుకుని ఒకరికి పనిచేసేవాడు మా వంశంలో నేనే మొదటివాణ్ణి గనక ఆ పనిని ఎవరూ వేలెత్తి చూపనట్టు చేయాలని నేనూ పట్టుబట్టాను. నా ఎదుట కూర్చున్నవాడు ఎవరైనా సరే, నడుము నిటారుగా పెట్టించి, గడ్డం పైకెత్తించి, నవ్వు ఆపించి గాని తీసేవాణ్ణి కాదు. మా స్టూడియోలో ఎవరు దిగినా దొరలాగ పడతారని ఊళ్లో అనుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు కడుపు నిండేది.

డిజిటల్ వచ్చినప్పుడు నేనూ మా బావమరిదీ ఒకే కంపెనీ పుచ్చుకున్నాం. మీలో కెమెరా పట్టినవారికి తెలుసు, పట్టనివారికి చెబుతాను: ఒక కంపెనీ లెన్సు ఇంకో కంపెనీ బాడీకి కూర్చోదు. మూతి తేడా. కాబట్టి బాడీ కొనడమంటే వస్తువు కొనడం కాదు, ఒక ఇంటితో వియ్యం అందుకోవడం. ఇక ఆ తర్వాత మంచైనా చెడైనా వాళ్లతోనే. మాది ఎటూ వియ్యమే గనక ఈ వియ్యం కూడా బాగా సాగింది. ముహూర్తాల రోజుల్లో నా దగ్గరున్న పొడుగు లెన్సు నెల్లిమర్లకు వెళ్లేది, అతని దగ్గరున్న వెడల్పు లెన్సు మా ఊరొచ్చేది. తువ్వాలులో చుట్టి, తెలిసినవాళ్ల చేతికిచ్చి పాసింజరు బండెక్కించేవాళ్లం. ఒకసారి భావనపాడు బీచిలో పెళ్లికి ముందు ఫొటోలు తీయడానికెళ్లిన లెన్సు ఇసుకతో తిరిగొస్తే, మా బావమరిది దాన్ని ఊదుతూ, "ఇది సముద్ర స్నానం సేసొచ్చినాది బావా, ఇంక దీనికి పాపం అంటదు" అన్నాడు. వాళ్లది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో తూచి తూచి మాట్లాడతారు, వాళ్లింట్లో బస్తా కుమ్మరించినట్టు మాట్లాడతారు. నాకు పెళ్లయిన కొత్తలో భయం వేసేది, తర్వాత్తర్వాత దాహం వేసినట్టు నెల్లిమర్ల వెళ్లేవాణ్ణి.

ఆ కెమెరాల్లో లెన్సు వెనక చిన్న అద్దం ఒకటి ఉండేది. మనం కంట చూసే దృశ్యం ఆ అద్దంలోంచే వచ్చేది. మీట నొక్కగానే అది పైకి లేచి, ఫొటో పడగానే మళ్లీ కిందికి వాలేది. ఆ లేచి వాలడంలో టక్ మని ఒక చప్పుడు. చిన్నదే గాని మా ప్రాంతపు పెళ్లిళ్లు ఇన్నేళ్లూ ఆ చప్పుడు మీదే నడిచాయంటే అతిశయోక్తి కాదు. పెళ్లికొడుకు సూత్రం పట్టుకుని నా వంక చూసేవాడు, పంతులుగారు మంత్రం చివరి అక్షరాన్ని సాగదీసి నా వంక చూసేవారు. టక్ మనగానే ముడి పడేది. తలంబ్రాలంతే, అప్పగింతలంతే. ఏడుస్తున్న తల్లి కూడా చప్పుడు వినబడేదాకా కూతుర్ని వదిలేది కాదు, వినబడ్డాక కొంగుతో ముఖం తుడుచుకుని వంటశాల వైపు వెళ్లిపోయేది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పెట్టిన నియమమూ కాదు. మా ముత్తాతగారి చావడిలో ఆయన మాట కోసం జనం ఎలా ఆగేవారో తెలియదు గాని, నా వేలి కోసం ఒక పెళ్లిపందిరంతా ఊపిరి బిగబట్టడం నేను కళ్లారా చూశాను. దానికి నేను అలవాటు పడిపోయాను.

రెండేళ్ల కిందట ఆ అద్దం మొరాయించడం మొదలుపెట్టింది. ఒక్కోసారి లేచి, వాలడానికి ఆలోచించేది. విశాఖపట్నంలో బాగుచేసేవాళ్ల దగ్గరికి పంపిస్తే, లోపల అరిగిన భాగం ఇక దొరకదనీ, నడిచినన్నాళ్లు నడిపించుకోమనీ తిప్పి పంపారు. కంపెనీవారు అద్దం లేని కొత్త రకానికి అప్పటికే మారిపోయారు. దాని మూతి వేరు. పాత లెన్సులు దానికి కూర్చోవాలంటే మధ్యలో ఒక రింగు బిగించాలి. మధ్యవర్తిని పెట్టుకుని కాపురం చేయడమేమిటని నేను కొట్టిపారేశాను. మా బావమరిది కూతురు అప్పటికే కొత్త రకం కొనుక్కుని చంటిపిల్లల ఫొటోలు తీస్తోంది. నన్నూ మారమని తండ్రీ కూతుళ్లిద్దరూ పోరు పెట్టారు. ఈ కెమెరా ఆగిన రోజు స్టూడియోకి తాళం వేసేస్తానని, ఆ తర్వాత ఇంకో కెమెరా ముట్టనని చెప్పేశాను. మా ఇంట్లో ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోవడం లేదు. మా బావమరిది "కెమెరా సస్తే నువ్వూ ఎల్లిపోతావేటి బావా? ఇదేటి సతీసహగమనమా?" అన్నాడు. నేను నవ్వలేదు. స్టూడియో మూసేస్తే నేనేమవుతానో నాకూ తెలియదు. మళ్లీ ఉత్త మొఖాసాదారు మునిమనవణ్ణి అవుతాను, అంతే.

ఆ మాఘంలోనే మా ఊరి బియ్యం మిల్లు వారింట పెళ్లి వచ్చింది. పెళ్లికూతురి తల్లి పెళ్లికీ ఫొటోలు తీసింది నేనే. పగటి ముహూర్తం. కెమెరా మీద నాకే నమ్మకం చాలక, పైకి చెప్పకుండా, సాయానికని మా మేనకోడల్ని, అదే బావమరిది కూతుర్ని, రమ్మన్నాను. అది నాకు ఎదురుగా, పీటలకు అవతలి పక్క నిలబడింది.

సూత్రధారణ సమయానికి మేళం గట్టిపడింది. పెళ్లికొడుకు సూత్రం పట్టుకుని నా వంక చూశాడు. మీట నొక్కాను. అద్దం లేచింది, వాలలేదు. నా కంటికి చీకటి తప్ప ఏమీ కనబడలేదు. మళ్లీ నొక్కాను. చీకటే. ఆ క్షణం దాటితే మళ్లీ రాదు, ఇంకో ముడి వేయించి తీసే పని కాదది. కెమెరా దించితే పందిరంతటికీ తెలిసిపోతుందని కంటికి ఆనించుకునే నిలబడ్డాను. పెళ్లికొడుకు చేతులు గాలిలోనే ఉన్నాయి. మేళం వాయిస్తూనే ఉంది. పంతులుగారు అక్షరం సాగదీసీ సాగదీసీ ఊపిరి చాలక ఆపేశారు. అందరి చూపులూ నా మీంచి మేనకోడలి మీదికి మళ్లాయి. దాని వేలు కదులుతోంది, చప్పుడు లేదు.

పెళ్లికొడుకు మామ్మ ఉండబట్టలేక అరిచింది: "ఓలమ్మా, మావోడు సూత్రం అట్టుకునే ఉన్నాడు! తీస్తన్నావా నేదా?"

"తీస్తనే ఉన్నాను మామ్మా, కట్టీమను!"

"ఏదీ? సప్పుడవనేదు గదా!"

"దీనికి సప్పుడుండదు మామ్మా!"

"సప్పుడు నేకుండా ఫొటో ఎలాగొస్తాదే?"

పంతులుగారు చేతిలో అక్షతలు అలాగే పట్టుకుని, "మాకు శబ్దమే ప్రమాణం తల్లీ" అన్నారు. పందిరంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే ఎవరికీ తెలియకుండా ముడి పడిపోయింది.

పెళ్లివారు ఎప్పటిలాగే నన్ను ముందు బంతికి రమ్మన్నారు. భోజనానికి కూర్చోకుండా స్టూడియోకి వచ్చేసి, కెమెరా బల్ల మీద పెట్టి, తాళం చేతికి తీసుకున్నాను. వెనకే మేనకోడలు వచ్చింది. తాళం చూసి కూడా చూడనట్టే, కంప్యూటరు ముందు కూర్చుని కార్డు పెట్టి, నన్ను కుర్చీ లాక్కోమంది.

ఇన్నేళ్లలో నేను అటువంటి ఫొటోలు తీయలేదు. చప్పుడు కాలేదు గనక ఇంకా మొదలవలేదనుకుని ఎవరూ సిద్ధంగా లేరు. పెళ్లికూతురు తలవంచుకోవడం మరిచిపోయి, ముడి కుదరక తంటాలు పడుతున్న పెళ్లికొడుకు వేళ్ల వంక చూసి పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటోంది. మీసం మెలేసుకుని తిరిగే పెళ్లికొడుకు తండ్రి, ఎవరూ చూడటం లేదన్న ధైర్యంతో భుజం మీది కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు. మామ్మ నోరు ఆకాశమంత తెరిచి ఉంది. నా పాత ఆల్బంలో గడ్డం పైకెత్తి, రాతిబొమ్మలా కూర్చున్న పెళ్లికూతురి తల్లి, ఇక్కడ కొప్పు జారిపోయి, పక్కావిడ భుజం మీద వాలిపోయి నవ్వుతోంది. ఆవిడ నవ్వు అలా ఉంటుందని నాకు ఆరోజుదాకా తెలియదు. నా ఆల్బములన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. చీపురుపల్లి చుట్టుపక్కల నేను ఫొటో తీసిన ప్రతివాళ్లూ మా తాతగారిలాగే కూర్చుని ఉన్నారు.

పందిరంతా నవ్వుతున్న ఫొటోలో ఒక మూల నేనూ ఉన్నాను, ఆగిపోయిన కెమెరా కంటికి ఆనించుకుని, నడుము నిటారుగా. మేనకోడలు వేలు పెట్టి చూపించి, "అంతమందిలో నువ్వొక్కడివే పోజెట్టినావు మావయ్యా" అంది.

అప్పుడు నవ్వాను. ఎప్పటినుంచి ఆపుకున్న నవ్వో గాని చాలాసేపు వచ్చింది. ఈలోగా అది నా కెమెరాకున్న లెన్సు విప్పి, తన సంచిలోంచి రింగు తీసి బిగించి, ఆ పాత లెన్సును తన కొత్త బాడీకి కూర్చోబెట్టి నా చేతిలో పెట్టింది. బరువు తక్కువ, నా అరచేతిలో కొత్త చోట ఆనింది. కంటికి ఆనించాను. దృశ్యమంతా ఉంది. ఎదురుగా ఉన్న పిల్లనే చూసి మీట నొక్కి, నొక్కానో లేదో తెలియక, పడిందా అని అడిగాను. అది బల్ల మీద చెయ్యి కొట్టి మరీ నవ్వింది: "నీకూ సప్పుడు కావాలేటి?"

పందిరంతా నవ్వుతున్న ఆ పెళ్లి ఫొటో ఇప్పుడు స్టూడియో ముందు బోర్డు మీద ఉంది. అందులో నాది తప్ప ఎవరి నడుమూ నిటారుగా లేదు. చూసినవాళ్లు ఆగి, మాకూ ఇలాగే కావాలని లోపలికి వస్తున్నారు. కిందటి ముహూర్తాలకు నాకు ఊపిరి సలపలేదు, ఈ వయసులో. పొడుగు లెన్సు మళ్లీ నెల్లిమర్ల బండెక్కుతోంది, తువ్వాలులో చుట్టుకుని, ఈసారి రింగుతో సహా. గ్రూపులో దండలు వేస్తున్నవారికి నేను రాసింది అదే: బాడీకి ఏడిస్తే ఏడవండి గాని లెన్సులు పారేసుకోకండి, అవి ఇంకా చాలాకాలం చూస్తాయి.

అయితే ఒకటి చెప్పాలి. ఇప్పుడు పెళ్లిలో నా కోసం ఎవరూ ఆగరు. పంతులుగారు మంత్రం తన దారిన చదువుకుపోతారు, పెళ్లికొడుకు నా వంక చూడకుండానే ముడి వేసేస్తాడు, తల్లి తనకు ఏడుపు తీరేదాకా కూతుర్ని పట్టుకునే ఉంటుంది. నేను వాళ్ల మధ్య గాలిలా తిరుగుతూ ఉంటాను. ఒకప్పుడు ఒక్క క్షణంపాటు ముహూర్తం నా వేలి కింద ఉండేది, ఆ క్షణం గుర్తొచ్చినప్పుడు అప్పుడప్పుడు చెయ్యి ఖాళీగా అనిపిస్తుంది. మనుషులు నా ముందు సర్దుకోవడం మానేశాక గాని వాళ్లెలా ఉంటారో నాకు తెలియలేదు. పోయినదానిలో, దొరికినదానిలో ఏది ఎక్కువో తూచే ఓపిక ఇప్పుడు లేదు, ఎల్లుండి మళ్లీ ముహూర్తం ఉంది.

ఇక కొత్త బాడీ ఎలా కొన్నానని గ్రూపులో ఇద్దరు ముగ్గురు అడిగారు. మా వాళ్లు ఊళ్లు అమ్మింది కోర్టు ఖర్చులకు, భూములు అమ్మింది విందులకు. పనిముట్టు కొనుక్కోవడానికి ఏదైనా అమ్మినవాడు మా వంశంలో నేనొక్కణ్ణే. రైల్వే గేటు అవతల మాకు మిగిలిన జీడితోట అమ్మాను.