అద్దాలక్క చెప్పిన సాక్ష్యం

అద్దాలక్కని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఆ నువ్వుల షెడ్డులో ఒక్కరూ లేరు. నేల అద్దంలా ఉండాలని పొద్దస్తమానం పోరుతుంది గనక అద్దాలక్క. చీపురు పట్టిన చెయ్యి ఊరుకోదు, నోరు అంతకన్నా ఊరుకోదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని తోటి ఆడవాళ్లు వేళాకోళం చేసేవారు, అదీ నువ్వులు చెరుగుతూనే. ఆవిడా నవ్వేసేది. మనసులో ఏమీ దాచుకోని మనిషికి అదొక సుఖం.

మొగుడు పోయినప్పుడు అత్తవారు మొహం చాటేశారు. అన్నయ్య వెళ్లి చెల్లెల్నీ పిల్లల్నీ తీసుకొచ్చి, తన ఇంట్లోనే పక్క గది ఖాళీ చేసి పెట్టాడు. వదిన గొణిగింది గాని, కంచంలో తేడా ఎప్పుడూ చూపించలేదు. ఆ ఏడాదే ఆవిడ షెడ్డులో ఊడ్చే పనికి చేరింది. కడిగీ తుడిచీ, చివరికి శుభ్రం చేసేవాళ్లందరికీ మేస్త్రీ అయింది.

ఈమధ్య ఆ షెడ్డు దశ తిరిగింది. సముద్రాల అవతల ఓ దేశంలో జనం నువ్వుల వెంట పడ్డారు. రొట్టెల మీద నువ్వులే, పసిపిల్లల తిండిలో నువ్వులే. ఎంత పంపితే అంత కొంటామన్నారు. ఒకటే మెలిక. గింజకి ఏ మందూ అంటి ఉండకూడదు. పొలంలో మూడేళ్లపాటు పురుగుమందు పడి ఉండకూడదు, షెడ్డులో రసాయనం తగలకూడదు, ఏ బస్తా ఏ రైతుదో వేలు పెట్టి చూపించగలగాలి. ఇవన్నీ చూసి సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీ ఏడాదికోసారి తన మనిషిని పంపుతుంది. ఆ కాగితం లేకపోతే నువ్వులు ఓడ ఎక్కవు.

అన్నయ్యని ఇందులోకి లాగింది అద్దాలక్కే. "మా షెడ్డుకి పండించన్నయ్యా, మంచి ధర" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన సరేనన్నాడు. మొదటి ఏడాది పురుగు సగం తినేసింది. రెండో ఏడాది పక్క పొలాల వాళ్లు గట్టు మీద నిలబడి నవ్వారు. మూడో ఏడాదీ పళ్లు బిగపట్టుకున్నాడు. ఆ మూడేళ్లూ గడిచి, మొట్టమొదటిసారి ఆయన బస్తాలు షెడ్డు గుమ్మం దాటాయి. ఆ రోజు అద్దాలక్క ప్రతి బస్తానీ తట్టి చూసింది.

సరిగ్గా అప్పుడే తనిఖీ వస్తోందని కబురు. ఏ ఆఫీసుకైనా, ఏ ఆస్పత్రికైనా పెద్దమనుషులు వస్తున్నారంటే ముందుగా గుప్పుమనేది ఫినాయిలే కదా! ఆవిడ చేసిందీ అదే. కడిగిన నువ్వులు ఆరబోసే టార్పాలిన్లన్నీ ఫినాయిలు నీళ్లతో తుడిపించింది. మందులు వాడొద్దని షెడ్డు వాళ్లు చెప్పలేదా అంటే, చెప్పారు. కానీ ఆవిడ లెక్కలో మందంటే పొలంలో కొట్టేది, ఎలుకలకి పెట్టేది. ఫినాయిలు మందెలా అవుతుంది? అది శుభ్రం! నవ్వేవాళ్లు నవ్వండి గాని, మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

మర్నాడు ఆ టార్పాలిన్ల మీద ఆరబోసింది అన్నయ్య నువ్వులనే. నూనెగింజ గదా, ఏ వాసన తగిలినా కడుపులో దాచుకుంటుంది. పైపై వాసన ఎగిరిపోయాక తనిఖీకి వచ్చినాయన ముక్కుకి ఏమీ తెలియలేదు. పైగా నేల చూసి మెచ్చుకున్నాడు. అవతలి రేవులో మిషనుకి మాత్రం తెలిసింది. సరుకు మొత్తం తిప్పి పంపారు.

బస్తా నంబరు చూశారు. అన్నయ్య పేరు వచ్చింది. ఓనరు గారు అందరినీ పిలిచి, ఫలానా రైతు ఇంట్లో గోతాలకి మందు కొట్టాడని, అతన్ని తీసేశామని చెప్పాడు. అద్దాలక్కకి కాళ్ల కింద నేల కదిలిపోయింది. సరుకులో తేలిన మందేదో అడిగి, అది ఫినాయిలేనని తెలుసుకుని, తిన్నగా ఓనరు గదిలోకి వెళ్లింది.

"సార్, తప్పు మా అన్నయ్యది కాదు. టార్పాలిన్లు ఫినాయిలుతో తుడిపించింది నేను."

ఓనరు గారు లేచి తలుపు వేశాడు. "ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు సార్."

"మంచిపని చేశావు. చూడమ్మా, తప్పు రైతుదైతే ఒక్క రైతు పోతాడు. షెడ్డుదైతే సర్టిఫికెట్టే పోతుంది. బయట నలభై మంది ఆడవాళ్లున్నారు. ఎవరింట్లో ఇంకో సంపాదన ఉందో నువ్వే చెప్పు."

ఆయన మొహంలో ఆశ్చర్యమన్నది లేదు. ఈయనకి ముందే తెలుసునని ఆవిడకి అప్పుడు అర్థమైంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. కోసేది ఆయన, గుడ్డ తడిపి ఇచ్చింది తను.

ఆ సాయంత్రం అన్నయ్య అరుగు మీద కూర్చుని కొడవలికి పదును పెడుతున్నాడు. ఆవిడ నిలబడే చెప్పేసింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. లోపలినుంచి వదిన గుమ్మం దాకా వచ్చి, ఆవిడని ఒక్క చూపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు అన్నయ్య చివరికి.

"నీ పేరు చెడిపోయింది కదన్నయ్యా!"

"నా పంట ఏ బజార్లోనో ఎంతకో ఒకంతకి పోతుంది. ఆ నలభై మందీ ఎక్కడికి పోతారు? పిల్లల్నేసుకుని నువ్వెక్కడికి పోతావు? నోరు మూసుకో." కొడవలి మళ్లీ అందుకుని, "మూడేళ్లు..." అన్నాడు.

ఆవిడ నోరు మూసుకుంది. షెడ్డులో నవ్వడం మానేసింది. అన్న చేసిన పనికి సిగ్గుపడుతోందని ఆడవాళ్లు జాలిపడ్డారు.

మరుసటి ఏడాది తనిఖీకి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు, గట్టివాడు. ఒక్కొక్కరినీ విడిగా గదిలోకి పిలిచి అడుగుతున్నాడు. ఏం చెప్పాలో ఓనరు గారు ముందే చిలక్కి చెప్పినట్టు చెప్పి ఉంచాడు.

"పోయినసారి సరుకు ఎందుకు తిరిగొచ్చిందమ్మా?"

"ఒక రైతు గోతాలకి మందు కొట్టాడు సార్. తీసేశారు."

"అందరూ ఇదే మాట, అక్షరం పొల్లు పోకుండా చెబుతున్నారు. ఎవరు నేర్పారు? షెడ్డులోనే ఏదో జరిగిందని నా అనుమానం."

కిటికీలోంచి చేటల చప్పుడు వినిపిస్తోంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇక్కడ కప్పా పామూ రెండూ తనవాళ్లే.

"ఎవరూ నేర్పలేదు సార్. ఆ రైతు మా సొంత అన్నయ్యే. ఒకే ఇంట్లో ఉంటాం. కొడుతుంటే నా కళ్లతో చూశాను."

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టి ఆవిడ వైపు చాలా గౌరవంగా చూశాడు. "తోడబుట్టినవాడని కూడా చూడకుండా నిజం చెప్పావు. నీలాంటివాళ్లుంటే ఈ షెడ్డుకి భయం లేదు. ఇన్నాళ్లూ అతని మీద ఉన్నది అనుమానమే. చూసిన మనిషే చెప్పింది గనక ఇక అతన్ని ఎప్పటికీ చేర్చుకోరు."

షెడ్డు నిలబడింది. ఆడవాళ్లు ఆవిడ చేతులు పట్టుకుని ఊపేశారు. ఆవిడ పంపు దగ్గరికి వెళ్లి మొహం కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది. అన్నయ్య నోరు మూసుకోమన్నాడు గాని, నోరు తెరిచి తన మీద చెప్పమనలేదు.

ఇంటికి వెళ్లక తప్పుతుందా? వెళ్లింది. అన్నయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఏమైందే? గట్టెక్కారా?"

"గట్టెక్కాం అన్నయ్యా."

"పోనీలే, నీ పనికి ఢోకా లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "నా ఊసేమైనా వచ్చిందా?"

"రాలేదు."

"నేననుకున్నాను, మర్చిపోయుంటారని!" ఏడాది తర్వాత ఆ మొహంలో వెలుగు వచ్చింది. "అనుమానం మీద తీసేసినవాళ్లని కొన్నాళ్లకి మళ్లీ చేర్చుకుంటారట, కనుక్కున్నాను. ఈసారి పురుగు ఎంత తిన్నా అందుకే చుక్క మందు పడనివ్వలేదు. రేపు మీ ఓనరుతో నువ్వే ఒక మాట చెప్పవే."

"చెబుతాను అన్నయ్యా," అంది.