భూమి బూడిదైతే రసం కాచిందెవరు?

ఒకే ఒక్క ఉపన్యాసంతో పరువు, పెళ్ళి, మేనమామ మూడింటినీ పోగొట్టుకోవడం ఎలాగో ఎవరికైనా నేర్చుకోవాలని ఉంటే నా దగ్గరికి రండి. ఫీజు అక్కర్లేదు. తిరుత్తణిలో, నిండు సభలో, మైకు పట్టుకుని మరీ చేసి చూపించినవాణ్ణి నేను.

ఎనభైల మొదట్లో మాట. మాది తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్. బజారులో నాన్నకు పాత్రల కొట్టు ఉండేది. కొన్న గిన్నెల మీద కొన్నవాళ్ళ పేర్లు చెక్కడం నా పని. చెక్కేది తమిళంలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివింది తమిళం కాబట్టి, తెలుగు అక్షరం ఎదురైతే పెద్దమనిషి ఎదురైనట్టు గౌరవంగా పక్కకు తప్పుకునేవాణ్ణి.

తిరుత్తణిలో నారాయణ మామకు బట్టల కొట్టు. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన కూతురు వసంతను చేసుకోవాలని నాకు మీసం మొలిచినప్పటి నుంచీ ఆశ. అడ్డల్లా ఒక్కటే. తెలుగు చదవడం వచ్చినవాడికే పిల్లనిస్తానని మామ పట్టుబట్టి కూర్చున్నాడు. అందులోనూ మద్రాసులో ఉండే ఒక సైన్సు కథల రచయిత అంటే ఆయనకు ప్రాణం. ఆ రచయిత పేరు చెప్పను. చెబితే ఆయన అభిమానులు ఇప్పటికైనా వచ్చి నన్ను కొడతారు.

ఒకరోజు మామ కొట్టులో కూర్చోబెట్టి సూటిగా అడిగాడు.

"ఏమిరా చంద్రా, ఆయన పుస్తకాలు ఏమన్నా చదివినావా?"

"అన్నీ చదివినాను మామా. కథలు, నవలలు, వ్యాసాలు, ఒకటి వదల్లే."

ఇది పూర్తిగా అబద్ధం కాదు, కొంచెం వినండి. మా వదినది నగరి. తెలుగులో పదో తరగతి దాకా చదువుకుంది. సాయంత్రం పొయ్యి మీద అన్నం పడేసి, గడప మీద కూర్చుని ఆ రచయిత పుస్తకాలు పైకి చదివేది. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. చదివించుకుని విన్నా చదివినట్టే కదా అని నా లెక్క.

ఎంత బాగుండేవో ఆ కథలు. రాకెట్లు, ఎర్రటి ఎడారులు, మాట్లాడే యంత్రాలు. నాకు అన్నిటికన్నా నచ్చింది ముగింపు. ఎన్ని గ్రహాలు తిరిగినా, ఎన్ని ప్రమాదాలు వచ్చినా చివరికి అందరూ క్షేమంగా ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, వేడి వేడి అన్నంలో చింతపండు రసం పోసుకుని తినేవాళ్ళు. ప్రతి కథా అంతే. ఆ రచయితకు ఎంత మంచి మనసో అనుకునేవాణ్ణి.

మామ ఆనందం పట్టలేకపోయాడు. తిరుత్తణి తెలుగువాళ్ళంతా కలిసి ఉగాదికి సభ పెడుతున్నారు, ముఖ్య అతిథి ఆ రచయితే. ఆయన రచనల గురించి మాట్లాడేది నువ్వేనని తేల్చేశాడు. సభ బాగా జరిగితే ఆ వేదిక మీదే వసంతకూ నాకూ సంబంధం ఖాయం చేస్తానని కూడా అన్నాడు. కాదనడానికి నాకేమైనా పిచ్చా?

ఉపన్యాసం తమిళ లిపిలో రాసుకున్నాను. రైల్లో అరక్కోణం దాకా బట్టీ పడుతూనే ఉన్నాను. ఎదురు సీట్లో మా వదిన ఎందుకో కిటికీలోంచి తల లోపలికి తిప్పలేదు. ఎండకేమో అనుకున్నాను.

కల్యాణ మండపం నిండిపోయింది. రచయిత సన్నగా, విచారంగా ఉన్నాడు. పక్కింట్లో చావు జరిగితే పలకరించడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. మామ మైకులో, ఈ కాలం పిల్లల్లో తెలుగు చదివే బంగారం మా మేనల్లుడని చెప్పి నన్ను పిలిచాడు. ఆడవాళ్ళ వరసలో వసంత కనిపించింది. ఇంక నన్ను ఆపేవాళ్ళెవరు?

కథల్లో మొదటి సగాలు అద్భుతంగా చెప్పాను. చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో ముగింపుల మీదికి వెళ్ళాను. ఈ మహా రచయిత తత్వమంతా ఒక్క ముద్ద అన్నంలో ఉందన్నాను. ఎర్ర గ్రహంలో చిక్కుకున్న వాళ్ళు ఇల్లు చేరి రసం అన్నం తిన్న దృశ్యం చదివి కంట తడి పెట్టానన్నాను. సూర్యుడు ఏదో ఒకనాటికి చల్లారిపోతాడన్న వ్యాసం చివర, కాబట్టి వడియాలు ఇప్పుడే ఎండబెట్టుకోండి అని ఆయన హితవు చెప్పడం తల్లి మనసుకు నిదర్శనమన్నాను. జనం పడీ పడీ నవ్వుతున్నారు. నా చమత్కారానికే అనుకుని ఇంకా గొంతు పెంచాను.

రచయిత కాఫీ గ్లాసు కింద పెట్టి, మెల్లగా లేచి మైకు తీసుకున్నాడు.

"బాబూ, నా కథల్లో ఇంతవరకు ఒక్కడు కూడా బతికి ఇంటికి రాలేదు. మీరు చెప్పిన నవల చివరి పేజీలో భూమే బూడిదైపోతుంది. రసం ఎవరు కాచారు?"

మామ మొహం చూశాను. భూమి బూడిదైతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"చెప్పరా," అన్నాడు మామ. "రసం కాచింది ఎవురు?"

నా కళ్ళు వాటంతట అవే వదిన వైపు తిరిగాయి. వదిన లేచి నిలబడింది.

"నేనే మామా. అన్నం పొంగేస్తా ఉన్నింది. ఆ భూమి ఎప్పుడు కాలతాదో అని చదువుతా కూచుంటే మా ఇంట్లో కుండ మాడిపోతాది. అందుకని అందుర్నీ ఇంటికి పిలిపించి అన్నం పెట్టేసి పుస్తకం మూసేసినా. పాపం, యాడాడో తిరిగొచ్చినోళ్ళు, ఆకలిగా ఉండరా?"

ముందు రచయిత నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ, కూర్చుని, మళ్ళీ లేచి నవ్వాడు. తర్వాత మండపమంతా నవ్వింది. వసంత కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వనివాళ్ళం ఇద్దరమే, మామ, నేను.

సభ ముగిశాక మామ తీర్పు చెప్పాడు. ఆ రచయిత రాబోయే నవలను తన ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. చదివితే పెళ్ళి, లేకపోతే గిన్నెలు చెక్కుకుంటూ బ్రహ్మచారిగా బతకాలి. జాలిపడి, ప్రతి ఆదివారం వసంత దగ్గర అక్షరాలు నేర్చుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

"నీకు తెలుగు రాదని నాకు ఎప్పుడో తెలుసు బావా," అంది వసంత మొదటి పాఠం నాడే. "తిరుపతి బస్సుకు ఈ పక్క తెలుగు బోర్డు ఉంటే, బండి చుట్టూ తిరిగిపోయి ఆ పక్క తమిళం చూసి ఎక్కుతావు గదా."

అంత తెలిసీ నన్నే చేసుకోవాలనుకున్న పిల్ల కోసం ఒత్తులు, గుడులు ఏమిటి, చైనా భాషైనా నేర్చుకునేవాణ్ణి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఆ ఆదివారాల కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి.

కొత్త నవల వచ్చింది. వదిన చేతికి చిక్కకూడదని మామ దాన్ని కొట్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు. తానూ తెరవలేదు. పరీక్ష రోజు పొద్దున మొదలుపెట్టాను. పేజీకో చెంబు నీళ్ళు తాగుతూ చదివాను. మామ కళ్ళు మూసుకుని వింటున్నాడు. యథాప్రకారం అందరూ చచ్చారు, భూమి కాలిపోయింది. మిగిలింది ఆకాశంలో ఒక్క ఓడ, అందులో ఒక్క మనిషి, చివరి పేజీ.

అక్కడ ఆగి, అదే వాక్యాన్ని వేలు పెట్టి మళ్ళీ లోలోపల కూడబలుక్కున్నాను.

"ఏమి, చదవలేవా?" అన్నాడు మామ.

ఉన్నది ఉన్నట్టు పైకి చదివాను. ఆ ఓడ ఒక పచ్చటి గ్రహం మీద దిగింది. అక్కడ ఒక పెంకుటింటి ముందు ఒకావిడ కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చింది. లోపలికి పిలిచి, వేడి వేడి అన్నంలో చింతపండు రసం పోసింది.

మామ ఉగ్రరూపంతో లేచాడు. "ఇంగా నీ బుద్ధి పోలేదా? నా ముందరే కల్పిస్తావా?"

పుస్తకం లాక్కున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"అమ్మా వసంతా," అన్నాడు చివరికి, "ఆకులు వెయ్యి. అల్లుడికి ఆకలిగా ఉంటాది."

ఆ ఆకు ముందు కూర్చుని, రసం అన్నం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. చివరి పేజీ నా కళ్ళతో చదవకుండా ఈ జన్మలో ఏ పుస్తకాన్నీ పొగడనని. నేటివరకు ఆ ఒట్టు తప్పలేదు. కొత్త పుస్తకం చేతికొస్తే ముందు చివరి పేజీయే చదువుతాను. మిగతాది మొదలుపెట్టేలోపు లోపలి నుంచి వసంత అన్నానికి పిలుస్తుంది, నేను పుస్తకం మూసేస్తాను.