దామోదర్ గారి నోట్లో సున్నుండ

దామోదర్ గారి కడుపులో మాట దాగదు. మిగతావాళ్ళు ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే బయటపడతారు. ఈయన అడగకపోయినా బయటపెడతారు. పైగా దాన్ని కబుర్లు చెప్పడం అనరు. "డిక్లేర్ చేయడం" అంటారు.

ఈ మాట ఆయనకు అంటుకున్నది అమెరికాలో దిగిన మొదటి రోజే. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అధికారి "ఎనీథింగ్ టు డిక్లేర్?" అని అడిగితే ముందున్నవాళ్ళంతా "నో" అనేసి చక్కా పోయారు. ఈయన మాత్రం ఆవకాయ జాడీతో మొదలుపెట్టి కందిపొడి, అప్పడాలు, వాళ్ళమ్మ చాటుగా సర్దిన లేహ్యం మీదుగా తనకు చిన్నప్పుడు వచ్చిన కామెర్ల దాకా చెప్పుకొచ్చారు. ఆ అధికారి ఓపిగ్గా అంతా విని, "థాంక్యూ ఫర్ యువర్ ఆనెస్టీ, సర్" అని అన్నీ తిరిగి ఇచ్చేశాడు. అంతే. ఈ దేశమంతా ఒక పెద్ద కస్టమ్స్ కౌంటర్ అనీ, అందులో తానే ఆదర్శ ప్రయాణికుణ్ణనీ దామోదర్ గారికి నమ్మకం కుదిరిపోయింది.

ఆయన స్థిరపడిన ఆష్‌బర్న్‌లో ఆయన్ని ఎరగని తెలుగువాళ్ళు లేరు. షాపులో క్యాషియర్ మర్యాదకి "హౌ ఆర్ యూ?" అంటే కొలెస్ట్రాల్ నుంచి అందుకుంటారు. తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి పులిహోర తీసుకెళ్తే గిన్నె పక్కనే నిలబడి, "ఒకటి డిక్లేర్ చేయాలండీ, మా ఆవిడ ఫోన్ మాట్లాడుతూ ఇందులో ఉప్పు రెండుసార్లు వేసింది" అని ప్లేటు పట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తారు. పాత కారు అమ్మకానికి పెట్టినప్పుడు ఉన్న లోపాలన్నీ చెప్పడమే కాక, రాబోయే లోపాలు కూడా వివరించారు. కొనడానికి వచ్చిన కుర్రాడు, "అంకుల్, మీరు కూడా ఇందులో ఎక్కకండి" అని హెచ్చరించి వెళ్ళిపోయాడు.

ఇలాంటి తండ్రి ఉన్నప్పుడు రహస్యం పెట్టుకోవడం ఎంత కష్టమో ఆయన కూతురు దేదీప్యని అడగాలి. దగ్గర్లోని హెర్న్‌డన్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుని ఒక్కతే ఉంటోంది. ఫిబ్రవరిలో వాళ్ళ కంపెనీ ఒక టీమ్‌ని మొత్తంగా తీసేసింది. అందులో ఈమె కూడా ఉంది. ఇంకో జాబ్ రాగానే ఇంట్లో చెప్దామనుకుంది. ఆగస్టు వచ్చింది గానీ జాబ్ రాలేదు. వాళ్ళమ్మ రాధారాణి గారేమో కనపడ్డవాళ్ళందరికీ "మా అమ్మాయి ప్రాడక్ట్ మేనేజర్" అని చెప్పుకుని మురిసిపోతున్నారు. ఆ మురిపెం చూసి అమ్మకి చెప్పడానికి దేదీప్యకు నోరు రాలేదు. ఇక నాన్నకి చెప్పడమంటే మైకు పెట్టి ఊరంతా వినిపించడమే.

సరిగ్గా అప్పుడే టొరంటో దగ్గర అమ్మ చెల్లెలు వేద పిన్ని గృహప్రవేశం వచ్చిపడింది. రిటైరయ్యాక ముచ్చటపడి కొన్న ఆర్వీ దామోదర్ గారి దగ్గర సిద్ధంగా ఉంది. వంటిల్లు, మంచాలు, స్నానాలగది అన్నీ ఉన్న బస్సంత బండి. "విమానం దేనికి? ఇల్లు వెంటబెట్టుకునే వెళ్దాం" అన్నారు. దేదీప్యకు తప్పించుకునే దారి లేకపోయింది.

వెళ్ళేటప్పుడు కెనడా అధికారి ఆ ఒక్క ప్రశ్నా అడిగి, పాపం, ఇరుక్కుపోయాడు. పొడులు, పచ్చళ్ళు, పిన్నికిచ్చే వెండిగిన్నె అయ్యాక, "కుడి మోకాల్లో టైటానియం ఉంది సర్, ఒరిజినల్ కాదు" అంటూ దామోదర్ గారు ప్యాంటు పైకి మడవబోయారు. "ప్లీజ్ గో, సర్" అన్నాడతను.

"డాడీ, జస్ట్ ఎస్ ఆర్ నో చెప్పొచ్చు కదా!" అంది దేదీప్య.

"ఒక్క ముక్కలో చెప్పేది సగం అబద్ధం, తల్లీ" అన్నారు దామోదర్ గారు గేరు మారుస్తూ.

గృహప్రవేశంలో దేదీప్య భయపడినంతా అయింది. పూర్ణాలు తింటూ పిన్ని తోడికోడలు, "ఏమ్మా, జాబ్ ఎలా ఉంది?" అని అడిగింది. దేదీప్య నోరు తెరిచేలోగా దామోదర్ గారు ఎక్కడినుంచి ఊడిపడ్డారో గానీ, "జాబ్ అంటే మాదండీ జాబ్! ఆర్వీలో టాయిలెట్ ట్యాంక్ ఖాళీ చేయడం ఎంత పనో తెలుసా? ముందు గొట్టం బిగించాలి..." అని మొదలుపెట్టారు. ఆవిడ పూర్ణం ప్లేటులో పెట్టేసి లేచిపోయింది. బాబాయి గారి బాస్ "ప్రమోషన్ ఎప్పుడు?" అన్నాడో లేదో, దామోదర్ గారు ఆయన భుజం మీద చెయ్యేసి తన కొలనోస్కోపీ ఆసాంతం డిక్లేర్ చేశారు. ఆ తర్వాత ఆ బాస్ దేదీప్య వైపు కూడా రాలేదు.

దేదీప్యకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. "డాడీ, నన్ను అడిగిన క్వశ్చన్‌కి నువ్వెందుకు ఆన్సర్ చేస్తావ్? ఎవర్నీ మాట్లాడనివ్వవా?" అని విసుక్కుంది.

"నాకు మొదలుపెట్టడమే తెలుసు తల్లీ, ఆపడం తెలీదు" అన్నారాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా.

తిరుగు ప్రయాణానికి ముందు పిన్ని అక్కకు ప్రేమగా ఒక కరివేపాకు మొక్క ఇచ్చింది. కుండీలో నవనవలాడుతున్న మొక్క. అమెరికాలోకి అలాంటివి రానివ్వరని ముగ్గురికీ తెలుసు. అయినా రాధారాణి గారు దాన్ని ఆర్వీ బాత్రూమ్‌లో కర్టెన్ వెనక పెట్టి, పాత చున్నీతో పంపుకి కట్టేశారు.

"రాధా, వాళ్ళు అడిగితే?"

"అడిగితే చూసుకోడానికి నేనున్నా. మీరు మాత్రం నోరు విప్పకండి."

"అది నా చేతిలో లేదోయ్."

"నా చేతిలో ఉంది" అని, నయాగరా నది మీది బ్రిడ్జి దాటి బూత్ దగ్గరికి రాగానే రాధారాణి గారు నిమ్మకాయంత సున్నుండ ఒకటి తీసి ఆయన నోట్లో కుక్కారు. నెయ్యి కాస్త తక్కువైన సున్నుండ. అంగిట్లో అతుక్కుందంటే మాట కాదు, ఊపిరి రావడమే కష్టం.

బూత్‌లో ఉన్న అధికారిణి పాస్‌పోర్టులు చూసింది. ఎక్కడికి వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు అని అడిగింది. పక్క సీట్లోంచి రాధారాణి గారు ముక్కుసూటిగా జవాబులు చెప్పారు. దామోదర్ గారు బుగ్గ ఉబ్బించుకుని బుద్ధిగా తలూపారు. ఇక అయిపోయినట్టే అనుకుంటుండగా ఆ అధికారిణి వెనక సీట్లోకి చూసింది.

"అండ్ యూ, మేడమ్? వాట్ డూ యూ డూ ఫర్ వర్క్?"

దేదీప్య నిజం చెప్తే ముందు సీట్లో అమ్మ వింటుంది. అబద్ధం చెప్తే ఎదుట ఉన్నది పిన్ని తోడికోడలు కాదు, తుపాకీ పెట్టుకున్న సరిహద్దు అధికారి. అమ్మ అప్పుడే గర్వంగా వెనక్కి తిరిగి, "చెప్పు" అన్నట్టు చూస్తోంది.

"ఐ... ఐ యామ్..."

గుటుక్కుమని పెద్ద శబ్దమైంది. దామోదర్ గారు సున్నుండని ఏకమొత్తంగా మింగేశారు. కళ్ళమ్మట నీళ్ళు, మీసాల మీద మినప్పిండి.

"ఆఫీసర్! ఐ హావ్ ఎ డిక్లరేషన్! ఇన్ ది బాత్రూమ్!"

ఆమె చెయ్యి రేడియో మీదికి పోయింది.

"ఇట్ ఈజ్ లివింగ్! ఇట్ ఈజ్ టైడ్ అప్! మై వైఫ్ ఈజ్ హైడింగ్ ఇట్!"

బండిని పక్కకి తీయించారు. ఇద్దరు అధికారులు గ్లవ్స్ వేసుకుని జాగ్రత్తగా బాత్రూమ్ తలుపు తెరిస్తే లోపల చున్నీ కట్టుకుని మొక్క అమాయకంగా నిలబడి ఉంది. దామోదర్ గారు దాని గుణాలు, చారులో దాన్ని ఎప్పుడు వేయాలో, జుట్టుకి ఎంత మంచిదో అన్నీ చెప్పారు. వాళ్ళు నవ్వు ఆపుకుంటూ, తనంతట తానే చెప్పాడు కాబట్టి జరిమానా లేదని చెప్పి కుండీ ఎత్తుకున్నారు.

"ఇంకేమైనా డిక్లేర్ చేసేది ఉందా, సర్?" అని వాళ్ళలో పెద్దాయన అడిగాడు.

దామోదర్ గారు నోరు తెరిచారు. కూతురి వైపు ఒక్కసారి చూశారు.

"నో" అన్నారు.

ఒక్క ముక్క. కొలెస్ట్రాల్ లేదు, మోకాలు లేదు. దేదీప్యకు పిన్ని తోడికోడలు, బాబాయి బాస్, ఆ టాయిలెట్ ట్యాంకు, ఆ కొలనోస్కోపీ వరసగా గుర్తొచ్చాయి. అమ్మ మొక్కకి వీడ్కోలు చెప్తుంటే ఆయన దగ్గరికి వెళ్ళింది.

"డాడీ... నీకు తెలుసా?"

"ఏప్రిల్‌లో సాంబారు ఇద్దామని మీ ఆఫీస్‌కి వెళ్ళా. నువ్విప్పుడు అక్కడ పనిచేయడం లేదని రిసెప్షన్‌లో ఆ అమ్మాయి చెప్పింది. సాంబారు ఆ అమ్మాయికే ఇచ్చేశా."

"మరి ఎవరికీ చెప్పలేదా? నువ్వా?"

"ఎవరి సామాను వాళ్ళే డిక్లేర్ చేసుకోవాలి తల్లీ. ఒకరిది ఇంకొకరు చేయకూడదు. అది రూల్."

"మరి అమ్మ మొక్క?"

"అది జాయింట్ ప్రాపర్టీ."

దేదీప్యకు ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ తను చాటుగా మోసిన బరువుకి అవతలి కొస ఈయన పట్టుకుని ఉన్నారని తెలిసి ప్రాణం తేలికపడింది. బండి రోడ్డెక్కగానే ముందుకు వంగి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మా, నేను ఒకటి డిక్లేర్ చేయాలి."

"జాబ్ పోయిన సంగతేనా?" అన్నారు రాధారాణి గారు కిటికీలోంచి చూపు తిప్పకుండా. "తెలుసులే. మీ నాన్న పగలంతా దాచి రాత్రి నిద్రలో డిక్లేర్ చేస్తున్నారుగా, ఏప్రిల్ నుంచీ."

దామోదర్ గారి బండి కొంచెం పక్కకి జరిగి మళ్ళీ లైన్‌లోకి వచ్చింది.

"మరి నన్ను అడగలేదేంటమ్మా? అందరికీ ప్రాడక్ట్ మేనేజర్ అని చెప్తూనే ఉన్నావ్!"

"జీవితంలో మొదటిసారి ఈయన ఒక మాట దాస్తుంటే చెడగొట్టడం ఎందుకులే అని ఊరుకున్నా. ఆ జాబ్ కాకపోతే ఇంకోటి. నువ్వు ఏం చేసినా మేనేజ్ చేస్తావు. నేను చెప్పినదాంట్లో అబద్ధమేముంది?" అని కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నిన్ను కాపాడ్డానికే నోరు విప్పారని తెలుసు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా మొక్కని పట్టించినందుకు ఈయన్ని బ్రిడ్జి మీదే దింపేసేదాన్ని."

దామోదర్ గారు గొంతు సవరించుకున్నారు.

"నిద్రలో నేను ఇంకేమైనా చెప్పానా, రాధా?"

"చెప్పారు. పెళ్ళిచూపుల్లో నా పాట విని బ్రహ్మాండం అన్నారు కదా? నిజానికి లేచి పారిపోదామనుకున్నారట."

దామోదర్ గారు రోడ్డు మీంచి చూపు మరల్చకుండా చెయ్యి చాచి డబ్బాలోంచి ఇంకో సున్నుండ తీసుకుని, ఎవరూ కుక్కకుండానే నోట్లో పెట్టుకున్నారు.