కుడి జేబుల ఫోటో

ఆ వీధిలో అతన్ని అందరూ టేపు మాస్టారు అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా అతన్ని చూసినవాళ్ళు అరుదు. తమ పెళ్ళికి కూడా టేపుతోనే వచ్చాడనీ, దండ వేయబోతే చేతికి అదే తగిలిందనీ భార్య ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అతని వృత్తి మగవాళ్ళ చొక్కాలు కుట్టడం. ముప్పై అయిదేళ్ళుగా అదే కొట్టు, అదే మిషను. కొట్లో రెండు మిషన్లూ ఒక కత్తిరింపు బల్లా పోను మిగిలిన జాగాలో ఒక స్టూలు మాత్రం పడుతుంది. భార్య రెండో మిషను దగ్గర కూర్చుని కాజాలు తీస్తూ, గుండీలు కుడుతూ, వచ్చేపోయే వాళ్ళకు పేర్లు పెడుతూ ఉంటుంది.

యాభై ఆరో ఏట మాస్టారికి వీడియోల పిచ్చి పట్టుకుంది. ఎక్కడో ఉన్న మేనత్త కొడుక్కి పాత మిషనుకు నూనె ఎలా వేయాలో చూపించడానికి తీసిన వీడియోను పదిమందికీ పనికొస్తుందని ఇంటర్నెట్లో పెట్టాడు. పందొమ్మిది మంది చూశారు. ముక్కూ మొహం తెలియని పందొమ్మిది మంది తన చెయ్యి కదలడం చూశారంటే అతనికి ఒళ్ళు పులకరించింది. వారం తిరక్కుండా 'కత్తెర కబుర్లు' అని ఛానెల్ పెట్టేశాడు. ఒక వారం పాత మిషన్లు, ఒక వారం పాత తాళంకప్పలు, తక్కిన వారాలన్నీ ఆ వీధి పూర్వోత్తరాలు. కాజాలు తీసే చెయ్యి వణకదు కాబట్టి ఫోను పట్టుకునే పని భార్యది. పట్టుకుని ఊరుకోదు, వెనకనుంచి సణుగుతుంది. చూసేవాళ్ళకు మాస్టారి ప్రసంగం కన్నా ఆ సణుగుడే ఎక్కువ నచ్చుతుందని అతనికి తెలుసు, ఒప్పుకోడు.

అతని పద్ధతి ఒకటే. దేన్ని చూపించినా టేపు పెట్టి కొలుస్తాడు. పాత గోదాము తలుపు వెడల్పు, ఆసుపత్రి మెట్ల ఎత్తు, కూలిపోయిన ప్రహరీ మందం, అన్నీ అంగుళాలతో సహా చెబుతాడు. కొలతకు అందిన మాటే మాట అని అతని నమ్మకం. చొక్కాల విషయంలో ఆ నమ్మకం అతన్ని ఎన్నడూ ముంచలేదు.

కానీ కొలవడానికి ముందు కథ కావాలి కదా. ఆ కథలు తెచ్చేది డ్రైవరన్న. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, బస్సు నడిపి రిటైరయ్యాడు, ఆ వీధి మీదుగా పదకొండేళ్ళు నడిపాడు. రోజూ పదిగంటలకు వచ్చి ఆ ఒక్క స్టూలు మీద కూర్చునేవాడు. ఏ మలుపులో ఏ చెట్టుండేది, ఏ ఇంటి ముసలావిడ రోజూ పరుగెత్తుకొచ్చి బస్సెక్కేది, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పేవాడు. ఛానెల్లో చరిత్ర అన్నదంతా ముప్పాతిక వంతు ఆయన నోటినుంచి రాలిందే. మాస్టారు ఆయన్ని సొంత అన్నకన్నా ఎక్కువగా చూసుకునేవాడు. చూసుకుంటూనే ఆయన నెత్తిన ఎంత పెద్ద బండ వేశాడో ఇక చెప్పాలి.

వీధిలోని ఫోటో స్టూడియో యజమాని కొట్టు మూసేస్తూ పాత ఫిల్ము నెగటివ్‌లున్న కవరొకటి మాస్టారికిచ్చాడు. అందులో ఒకటి నిధి. నడివీధిలో ఎనిమిది మంది మగవాళ్ళు వరసగా నిలబడ్డారు, వెనక దూరంగా వీధి చివర నీళ్ల ట్యాంకు, పక్కన రేకుల కప్పుతో పాత బస్టాపు. మాస్టారు ఆ వీధికి రాకముందే తీసేసిన బస్టాపు అది, నలభై ఏళ్ళు కావస్తోంది. దాని బొమ్మ ఎవరి దగ్గరా లేదు. మాస్టారు నెగటివ్‌ను భార్య ఫోను తెల్లటి తెర మీద పరిచి, తన ఫోనుతో ఫోటో తీసి, నలుపును తెలుపు, తెలుపును నలుపు చేసి చూశాడు. ట్యాంకుకేసి చూస్తే బస్టాపు కుడివైపుంది. కుడివైపంటే గోదాము వైపు.

"కాదు తమ్ముడూ, ఆసుపత్రి వైపు," అన్నాడు డ్రైవరన్న, ఫోను కెమెరా ముందే. "గోదాము వైపు ఆపితే ఎదురొచ్చే బండ్లకు అడ్డంపడనూ?"

మాస్టారు దానికీ జవాబు కుట్టి సిద్ధంగా పెట్టుకున్నాడు. బస్సు ట్యాంకు దాకా వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఆగేదన్నమాట. అందుకే గోదాము వైపు. టేపుతో రోడ్డు వెడల్పు కొలిచి, బస్సు తిరగడానికి జాగా సరిపోతుందని నిరూపించాడు కూడా. తర్వాత ఫోటో చూపించి, నవ్వుతూ, "మనిషి గుర్తు మోసం చేస్తుంది గానీ అన్నా, ఫోటో చేయదు కదా," అన్నాడు. డ్రైవరన్న ఫోటో వంక చూశాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.  భార్య ఫోను పట్టుకుని ఉంది కాబట్టి అదంతా వీడియోలోకి ఎక్కింది.

ఎప్పుడూ ఆరేడు వందలు దాటని ఛానెల్లో ఆ వీడియోను ముప్పై ఒక్క వేలమంది చూశారు. మాస్టారు నేల మీద నడవలేదు. కింద కామెంట్లలో 'పాపం పెద్దాయనకు వయసైపోయింది' అని ఒకరు రాస్తే, నూట నలభై మంది అవునన్నారు. దుకాణాల దగ్గర కుర్రకారు ఆయన్ని ఆపి, "తాతా, ఆసుపత్రి ఎటువైపు?" అని అడగడం మొదలుపెట్టారు. డ్రైవరన్న మొదట నవ్వాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత కొట్టుకు రావడం మానేశాడు. మతిమరుపేమోనని కూతురు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు ఇవాళ ఏ వారమని అడిగి, గడియారం బొమ్మ గీయించి, ప్రస్తుతానికి బాగానే ఉన్నారు, కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. కూతురు అక్షరాలా కనిపెట్టుకునే ఉంది. పేపరు కోసం వీధి చివరి దాకా వెళ్ళినా వెంటే వెళ్ళేది. మాస్టారికి ఇవన్నీ తెలిశాయి. వయసు పని వయసు చేస్తుంది పాపం అనుకుని, మనసులో జాలిపడి, కుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుందట.

మూడు వారాల తర్వాత ఒక బడి పంతులు బట్ట పట్టుకుని వచ్చాడు. బడిలో నాటకం, అందులో తండ్రి వేషానికి నలభై ఏళ్ళ కిందటి తరహా చొక్కా కావాలి. "మీ వీడియోలో ఫోటో ఉంది చూడండి, ఆ పొడుగు కాలరు. అచ్చం అలాగే కుట్టిపెట్టండి మాస్టారూ," అన్నాడు. మాస్టారు ఉబ్బిపోయి, ఫోటోను పెద్దదిగా అచ్చు వేయించి తెచ్చి, గోడకు అంటించుకుని పనిలో దిగాడు. కాలరు గీశాడు, కత్తిరించాడు. జేబు దగ్గరికొచ్చి, ఫోటో చూసి, బట్ట మీద సుద్దతో గుర్తు పెట్టబోయిన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

జేబు కుడి రొమ్ము మీదుంది.

ఎనిమిది మందికీ చూశాడు. జేబున్న ఆరుగురికీ కుడివైపే. ఆ క్షణంలో మాస్టారి బుర్రలో మెరిసింది సిగ్గు కాదు, ఇంకో వీడియో. నలభై ఏళ్ళ కిందట జేబులు కుడివైపు కుట్టేవాళ్ళా! ఎవరికీ తెలియని సంగతి! ఉత్సాహం పట్టలేక భార్యను పిలిచి చూపించాడు.

ఆవిడ దారం నోట్లోంచి తీసి, ఫోటో దగ్గరికొచ్చి కళ్ళు చికిలించింది. "గుండీ పట్టీ కూడా ఆడవాళ్ళ జాకెట్టులాగే పడిందండీ. వాచీలు చూడండి, ముగ్గురికీ కుడిచేతికే. ఏం, ఊళ్ళో దర్జీలందరికీ ఒక్కసారే మతి పోయిందా?"

మతి అన్న మాట విన్నాక మాస్టారికి ఇంకేమీ వినబడలేదు. గోడమీది కాగితం పీకి, తిరగేసి, కిటికీ వెలుతురుకు అడ్డం పట్టాడు. వెనకనుంచి చూస్తే జేబులు ఎడమవైపుకు వచ్చాయి, వాచీలు ఎడమచేతికి వచ్చాయి. బస్టాపు ఆసుపత్రి వైపుకు వచ్చి నిలబడింది. నెగటివ్‌కు రెండు ముఖాలుంటాయి, ఒకటి నున్నగా, ఒకటి గరుకుగా. ఏ ముఖం పైకి పెట్టాలో అతను ఎవర్నీ అడగలేదు. ముప్పై అయిదేళ్ళలో ఎన్ని వేల జేబులు కుట్టాడో తెలియని మనిషి, నెలరోజులు ఆ ఫోటో ముందు కూర్చుని ఒక్క జేబూ చూడలేదు.

"ఇప్పుడేం చేద్దామే?" అన్నాడు.

"నన్నడుగుతారేం? ఆయన ఇల్లు తెలీదా మీకు?" అంది భార్య.

మధ్యాహ్నం ఎండలోనే వెళ్ళాడు. డ్రైవరన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. మూడు వారాల్లో మనిషి సగమయ్యాడు. మాస్టారు నిలబడే, నీళ్ళు నమలకుండా చెప్పేశాడు. "అన్నా, తప్పు నాది. ఫోటో తిరగేసి పెట్టాను. నువ్వు చెప్పిందే నిజం."

డ్రైవరన్న సంతోషిస్తాడనుకున్నాడు, లేదా బూతులు తిడతాడనుకున్నాడు. ఆయన రెండూ చేయలేదు.

"నన్ను ఓదార్చడానికి చెప్పకురా తమ్ముడూ," అన్నాడు మెల్లిగా. "నువ్వు చూపించిన నాలుగో రోజునుంచి నాకూ గోదాము వైపే గుర్తొస్తోంది. కళ్ళు మూసుకుంటే గోదాము పక్కనే ఆపుతున్నాను. ఆసుపత్రి వైపు నేనెందుకన్నానో నాకే తెలీడం లేదు. నాకు నిజంగానే మతి పోతోంది."

 ఆయన పరువు తీశానని మాస్టారు అనుకుంటూ వచ్చాడు. పోయింది పరువొక్కటే కాదని అప్పుడు తెలిసింది. అరుగు మీద కూలబడ్డాడు.  చేతిలోని కాగితం విప్పి, సరైన వైపు ఆయన మోకాళ్ళ మీద పెట్టాడు. జేబులు చూపించాడు, వాచీలు చూపించాడు. "నేను దర్జీని. బస్సు సంగతి నాకు తెలీదు అన్నా. కానీ జేబు ఎటుంటుందో తెలుసు. ఇది ఓదార్పు కాదు."

డ్రైవరన్న చాలాసేపు వంగి చూశాడు. మెడ కొంచెం ఎడమకు తిరిగింది. మళ్ళీ తిరిగింది. కుడిచెయ్యి ఒళ్ళోనే స్టీరింగు తిప్పుతున్నట్టు గుండ్రంగా కదిలింది.

"అద్దం," అన్నాడు. "బస్సు ఎడమ అద్దంలో ఆసుపత్రి మెట్లు కనపడేవి. పై మెట్టు విరిగి ఉండేది. నర్సమ్మలు అది తప్పించి దిగేవాళ్ళు. వాళ్ళు దిగేదాకా ఆగేవాణ్ణి." కాగితంలోని బస్టాపు మీద వేలు పెట్టాడు. "నా ఎడమ అద్దంలోరా. గోదాముకు మెట్లేవీ?"

"లేవు అన్నా. ఇప్పటికీ లేవు," అన్నాడు మాస్టారు. డ్రైవరన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి మాస్టారు సిగ్గు విడిచి ఏడ్చాడు.

తమాయించుకున్నాక, "ఇప్పుడే వీడియో తీసి అందరికీ చెబుతాను," అని ఫోను తీశాడు.

"ముప్పై వేలమంది సంగతి తర్వాత. ముందు లోపల ఒక్కత్తె ఉంది, దానికి చెప్పు," అన్నాడు డ్రైవరన్న.

కూతురు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, మాస్టారు చెప్పిందంతా గుమ్మంలో నిలబడి విన్నది. ఫోటో తీసుకుని రెండువైపులా తిప్పి చూసింది. "బాబాయ్," అంది, అరవకుండానే, "రాత్రిళ్ళు నాన్న పేరు నాన్నకు గుర్తుందో లేదోనని లేచి అడిగేదాన్ని నేను."  ఇంకాస్త అని ఉంటే మాస్టారికి నయంగా ఉండేది.

మర్నాడు పాత వీడియో తీసేసి కొత్తది పెట్టాడు. అందులో టేపు లేదు, సిద్ధాంతం లేదు. తను చేసిన తప్పు, జేబుల సంగతి, డ్రైవరన్న చెప్పిన మెట్లు, అంతే. వెనకనుంచి భార్య కూడా సణగలేదు. దాన్ని చూసింది నాలుగు వందల పన్నెండు మంది.

ఆ వీడియో పెట్టిన సాయంత్రం మాస్టారు మళ్ళీ వెళ్ళాడు. డ్రైవరన్న చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "అలా ఆసుపత్రి దాకా వెళ్ళొస్తా. ఆ పై మెట్టు బాగుచేశారో లేదో చూడాలి," అన్నాడు. మాస్టారు వెంట రాబోతే చేత్తో వారించాడు. కూతురు అలవాటు కొద్దీ లేచి, చెప్పుల్లో ఒక కాలు పెట్టింది. తండ్రి వెనక్కి తిరిగి చూడకుండా గేటు తీస్తున్నాడు. ఆమె ఆ కాలు వెనక్కి తీసుకుని, "చీకటి పడేలోపు వచ్చెయ్ నాన్నా," అంది.