ఇరవై అయిదులో ఒకటి

మా వర్క్‌షాపులో అందరూ ఆయన్ని మైక్రాన్ అనేవారు. తల వెంట్రుకని నిలువునా డెబ్భై పొరలుగా చీలిస్తే ఒక్కో పొర మందం దాదాపు ఒక మైక్రాన్. ఆయన బతుకంతా ఆ పొరలతోనే. తయారైన ప్రతి వస్తువునీ కొలిచి, బాగుంటే ముద్ర వేయాలి, లేకపోతే ఎర్ర డబ్బాలో పడేయాలి. ఒకసారి చేతి మీద వాలిన దోమని పరిశీలించి, ఎడమ రెక్క పొట్టిగా ఉందని తేల్చి, దాన్ని కూడా ఎర్ర డబ్బాలోకే విసిరాడని చెప్పుకునేవారు. దోమని నేను చూడలేదు గాని, ఇంట్లో భార్య రెండు గ్లాసుల్లో టీ పోసి తెస్తే, తల వంచి మట్టం చూసి, చుక్క ఎక్కువున్న గ్లాసు ఆవిడ వైపు జరపడం మాత్రం కళ్లారా చూశాను.

నేను అక్కడ టైపిస్టుని. కాన్వెంటులో సిస్టర్లు స్కేలుతో వేళ్ల మీద వాయించి నేర్పిన ఇంగ్లీషు నాకు అన్నం పెట్టింది. కాంట్రాక్టు కాగితాలన్నీ నా మిషన్ మీదుగానే పోయేవి కాబట్టి ఈ సంగతులు తెలుసు.

ప్రభుత్వం పక్క గ్రహానికి ఒక నౌకని పంపాలనుకుంది. మంజూరైన డబ్బు ఎంతంటే, నోట్ల కట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే రాకెట్టు అక్కర్లేదు, వాటి మీదెక్కి నడిచిపోవచ్చు అనేవాడు మా స్టోర్ కీపరు. ఆ డబ్బు శాఖ నుంచి ఒక పెద్ద కంపెనీకి, అక్కణ్ణుంచి ఇంకో కంపెనీకి, ప్రతి మెట్టు మీదా కాసేపు కూర్చుని, కాస్త చిక్కి, మా దాకా దిగింది. మాకు వచ్చిన పని ఇంధనం వాల్వులో కూర్చునే సీటు. వేలికి పెట్టుకునే ఉంగరమంత లోహపు ముక్క. వాల్వు మూసినప్పుడు ఇంధనం కారకుండా ఆపేది అదే.

కాంట్రాక్టు మొదటి ముసాయిదాలో ప్రతి సీటుకీ ఎక్స్‌రే తీయాలని రాసి ఉంది. ఎక్స్‌రే ఖర్చు సీటు ఖరీదుకి రెండింతలు. తక్కువ ధర వేసినవాడికే టెండరు కదా, అందుకని ఎవరో ఆ వాక్యం మీద గీత కొట్టి వేరొకటి రాశారు. ట్రేకి ఇరవై అయిదు సీట్లు. చీటీ వేసి అందులో ఒకటి తీయాలి. దాన్ని రెండుగా కోసి లోపలి మూలని చూడాలి. అది బాగుంటే మిగతా ఇరవై నాలుగూ బాగున్నట్టే.

లేతు మిషన్ మీద సీట్లు చెక్కేది మా పెద్ద టర్నరు. మైక్రాన్ భార్యకి సొంత అన్న. వాళ్లిద్దరూ ఒకరినొకరు "బావా" అనుకుంటూ ముప్పై ఏళ్లు ఒకే షెడ్డులో గడిపారు.

మొదటి రెండు ట్రేలకీ మైక్రాన్ చీటీలు వేశాడు. తర్వాత చీటీల డబ్బాలో ఎవరో స్క్రూలు పోశారు. ఆయన ఇంకో డబ్బా వెతకలేదు. చెయ్యి చాచి ట్రేలోంచి ఒకటి తీసుకునేవాడు. అంత నిక్కచ్చి మనిషి ఏది తీస్తే అదే చీటీ అని మేమూ అనుకున్నాం, ఆయనా అనుకున్నాడు. అలా పన్నెండు ట్రేలు వెళ్లిపోయాయి. కోసిన ప్రతి సీటూ అద్దంలా ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో పేకాటకి కూర్చున్నాం. టర్నరు ముక్కల్ని ముక్కుకి ఆనించుకుని చూస్తున్నాడు.

"బావా, అది ఇస్పేటు. కళావరు అనుకుని వేసేశావు," అన్నాడు మైక్రాన్.

"మసగ్గా ఉందిలే."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది పైనే. అరవకు. కంపెనీ డాక్టరు చెవిన పడితే మిషన్ మీంచి దింపేస్తారు. రిటైర్మెంటుకి ఇంకా మూడు నెలలేగా!"

"మరి సీట్లు ఎలా చేశావు?"

టర్నరు పెద్దగా నవ్వాడు. "నీ అలవాటు నాకు తెలీదా బావా? నీ చెయ్యి ఎప్పుడూ మూడో వరస చివరి దాని మీదకే పోతుంది. స్టూలు మీంచి లేవకుండా నీకు అందేది అదొక్కటే. దాన్ని మాత్రం పొద్దున్నే కిటికీ దగ్గర, భూతద్దం పెట్టుకుని, గంటసేపు దిద్దుతా. నీకు చెడ్డపేరు రానిస్తానా?"

"మిగతా ఇరవై నాలుగూ?"

"చెయ్యెరిగిన పని. దానికి కళ్లెందుకు?"

"మా అన్నయ్య కళ్లు మూసుకుని కూడా చేస్తాడు," అంది వంటగది గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు, గొప్పగా.

మైక్రాన్ తన ముక్కల్ని బోర్లా పెట్టి లేచిపోయాడు.

సోమవారం పొద్దున ర్యాకులో మిగిలిపోయిన సీట్లు పది ఉంటే పదీ కోశాడు. బయటి కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. లోపలి మూలలో మాత్రం, నాలుగింటికి, ఉలి వదిలిన గీత కనిపించింది. గోరు పెడితే తగిలేంత గీత. ఆ నాలుగు ముక్కల్నీ రుమాల్లో కట్టుకుని యజమాని గదికి వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు.

"పంపేశాం, బిల్లు వచ్చేసింది, జీతాలిచ్చేశాను," అన్నాడు యజమాని. "ఇప్పుడు తవ్వి ఎవరికి ఉపకారం? ముందు పోయేది మీ బావమరిది ఉద్యోగం. కళ్లు దాచి పనిచేశాడంటే రిటైర్మెంటు డబ్బు కూడా చేతికి రాదు. ఆలోచించుకోండి."

మూడో రోజు మైక్రాన్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"టైపు బాబూ, శాఖకి ఒక ఉత్తరం కొట్టాలి. పేర్లు దాచకుండా."

"ఎవరి పేర్లు సార్?"

"ఇద్దరివీ. ముందు నాది. చీటీ వేయలేదని రాయి. తర్వాత ఆయనది."

నాకు తెలిసిన ఇంగ్లీషంతా పెట్టి కొట్టాను. ఆయన దాన్ని రిజిస్టరు పోస్టులో పంపి, నకలు యజమాని బల్ల మీద పెట్టాడు. ఆ వారమే, కళ్లు దాచాడని, టర్నరుని ఇంటికి పంపేశారు. మైక్రాన్‌ని మాత్రం తీయలేదు. తీసేస్తే తనిఖీ సరిగ్గా జరగలేదని ఒప్పుకున్నట్టవుతుందని యజమాని భయం. ఇంట్లో భార్య మాట్లాడటం మానేసింది. ఎప్పుడైనా తప్పనిసరైతే గోడతో చెప్పేది: "ఉప్పు అయిపోయిందట, చెప్పమంటున్నారు." ఎవరు చెప్పమన్నారో గోడకే తెలియాలి.

రెండు నెలలకి జవాబు వచ్చింది. నాలుగు వాక్యాలు. నేనే చదివి చెప్పాను.

"సీట్లు బాగున్నాయన్నారా, బాలేవన్నారా?"

"ఆ మాటే లేదు సార్. కాంట్రాక్టు ముగిసింది, చివరి చెల్లింపు అయిపోయింది, మళ్లీ తనిఖీ చేయడానికి నిధుల కేటాయింపు లేదు అని ఉంది."

"ఇంకేం లేదా?"

"మీ శ్రద్ధకి ధన్యవాదాలు అని ఉంది."

ఆయన ఇంకో మూడు ఉత్తరాలు రాయించాడు. వాటికి ధన్యవాదాలు కూడా రాలేదు.

నౌక బయల్దేరింది. క్యాంటీన్లో టీవీ చుట్టూ చేరి అందరం చప్పట్లు కొట్టాం. ఆయన తన స్టూలు మీంచి లేవలేదు. ప్రయాణం ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో ఆయన చొక్కా రెండు సైజులు వదులైంది. గ్రహం దగ్గర ఇంజన్ వెలిగించి వేగం తగ్గించాల్సిన రోజున, మళ్లీ అందరం క్యాంటీన్లో కూర్చున్నాం. టీవీలో వాళ్లు ముందు నవ్వుతూ మాట్లాడారు, తర్వాత నెమ్మదిగా మాట్లాడారు, తర్వాత మానేశారు. నౌక నుంచి సంకేతం రాలేదు.

విచారణ సంఘం మా షెడ్డుకి కూడా వచ్చింది. ముగ్గురు మనుషులు, ఒక పెద్ద ఫైలు.

"నమూనాని చీటీ వేసి తీశారా?" అని అడిగింది వాళ్లలో ఒకావిడ.

"లేదమ్మా. చేతికి అందింది తీశాను. అదే మీకు నాలుగు సార్లు రాశాను."

ఆవిడ పక్కనున్నాయన వైపు చూసింది. ఆయన ఫైలు మూసి, టీ బాగుందన్నాడు.

నివేదిక అచ్చయి వచ్చింది. నౌక విఫలం కావడానికి కారణం నిర్ధారించడం సాధ్యం కాలేదట. నమూనాల ఎంపిక నిబంధనల ప్రకారమే జరిగిందట. ఉత్తరాల ఊసు లేదు. ఉంటే, వాటిని పక్కన పడేసిన చేతి పేరు కూడా రాయాలి కదా! చివరి పేజీలో, ఈసారి మరింత పొదుపుగా ఇంకో నౌక కట్టాలని సిఫార్సు చేసి, దానికి అయ్యే మొత్తం కూడా వేశారు.

మైక్రాన్ ఆ నివేదిక పట్టుకుని, చదివి చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని, బావమరిది ఇంటికి వెళ్లాడు. మేడ మెట్లెక్కితే ఒకే గది. ఉద్యోగం పోయాక టర్నరు డాక్టరు గుమ్మం తొక్కలేదు. దాచుకున్న డబ్బు అద్దెకి పోయింది. మసక ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి, కుడి కన్ను ఆరిపోయింది. ఎడమ కంటికి వెలుగూ చీకటీ మాత్రం తెలుస్తున్నాయి.

నేను చదివింది ఆయన మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"నా సీటేనా బావా?"

"తెలీదంటున్నారు."

"వాళ్ల సంగతి వదిలెయ్. నువ్వేమంటావు?"

"నాకూ తెలీదు. దాన్ని తెచ్చి కోసి చూడలేం కదా."

టర్నరు తల ఊపాడు. "నువ్వు రాసినందుకు మొదట్లో నిన్ను చంపేద్దామనిపించింది. ఇప్పుడు లేదు. ఆ ఉత్తరం చూసి వాళ్లు సీట్లు మార్చి ఉంటే, పోనీలే, నా ఉద్యోగం పోయినందుకు నౌకైనా బతికిందనుకునేవాణ్ణి. ఉత్తినే పోయింది బావా. రెండూ ఉత్తినే పోయాయి."

మైక్రాన్ చేతుల్లోని కాగితాల్ని మడిచాడు, విప్పాడు.

"చీటీ వేసి ఉంటే మూడో ట్రేలోనో నాలుగో ట్రేలోనో దొరికిపోయేది," అన్నాడు. "అప్పుడే నిన్ను మిషన్ మీంచి దింపి, కంపెనీ డాక్టరు దగ్గరికి పంపేవాళ్లు. ఖర్చు కంపెనీదే. కన్ను దక్కేది. లేచి ఒక డబ్బా వెతకలేకపోయాను."

ఆ సంగతి టర్నరుకి అంతవరకూ తట్టినట్టు లేదు. ఆయన కాళ్లు మంచం మీదకి తీసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మేం ఇంకో గంట అక్కడే కూర్చున్నాం. ఆయన ఇటు తిరగలేదు.