మా మేనత్తకు పుట్టింటి చీర

మా మేనత్త పోయిందని తొర్రూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను జనగామలో నాయిన పక్కనే ఉన్నాను. తల్లి లేని నాయినను పెంచి పెద్ద చేసిన అక్క ఆమె. బోరుమంటాడనుకున్నాను.

"పుట్టింటి చీర నువ్వే కప్పు బిడ్డా. నా చేత గాదు" అన్నాడు.

ఆడబిడ్డ పోతే ఆఖరి చీర తోబుట్టువు కదా కప్పాలి! ఉన్న ఒక్క తమ్ముడు ఇట్లా అంటే ఎట్లా?

అత్త మాటకారి కాదు. చేతిలో పని ఆపకుండా మన మాటలు వినేది, అంతే. మనం మరిచిపోయిన సంగతిని నెల తర్వాత మనకే చెప్పి నవ్వేది. సాయుధ పోరాటం నాడు వాళ్ల పుట్టినూరి దొర గడీలో సర్కారు సిపాయిలు దిగారు. వాళ్లకు వడ్లు దంచే వెట్టి అత్తది. దంచుతూ విన్నదంతా అడవిలోని దళానికి చేరవేసేది. ఎవరైనా ఆ సిపాయిల బలం గురించి గొప్పగా చెబితే ఊరుకునేది కాదు.

"గడీల ఉన్నన్ని తుపాకులు ఊళ్లె కోళ్లు సుత లేకుండె. ఏం జేసుకున్నరు? ఆళ్లు పోయేసరికి అడవి ఖాలీ!"

మా పెద్దనాయినను ఆ సిపాయిలే ఇంట్లోంచి పట్టుకుపోయారనీ, ఆయన తిరిగి రాలేదనీ మాకందరికీ తెలుసు. తెలియనిది నాయిన బస్సులో చెప్పాడు.

"పోయిన వారం నన్ను పిలిచి చెప్పింది బిడ్డా. పొద్దుగాల మొదలు మనింటికచ్చి అన్నను పడ్తరు, ఆడికెల్లి అడవికి పోయి దళాన్ని చుట్టుముడ్తరు. గీ ముచ్చట అక్క ముందురోజే విన్నదట."

"పెద్దనాయినకు చెప్పలేదా?"

"దళానికి కబురు పంపింది. అన్నకు చెప్పలే. అన్న ఇంట్ల దొరకకుంటే ముచ్చట బయటపడ్డదని ఆళ్లకు సమజైతదట, వేరే తొవ్వల పోయి దళాన్ని పడ్తరట. సొంత అన్న! నోరు మూసుకొని ఎట్ల ఉన్నది?"

నాకు తల దువ్వి, జ్వరమొస్తే పక్కనే కూర్చున్న మనిషేనా ఈమె? దళమంతా బతికింది, నిజమే. అయినా కోపం ఆగలేదు. ఇన్నేళ్లూ ఈ మాట కడుపులో పెట్టుకుని మాకు వండి పెట్టిందే అనుకోగానే ఏడుపొచ్చింది. ఆమె చేసింది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. మీకు తేలితే మీరు అదృష్టవంతులు.

అత్త వాకిలి నిండా జనం. "తమ్ముడేడి? చీర ఏదమ్మా?" అని పెద్దమనుషులు తొందరపెడుతున్నారు. నాయిన గోడ దగ్గరే నిలబడ్డాడు, ఇటు చూడలేదు. నేనే చీర మడత విప్పాను.

నాయిన ఎప్పుడొచ్చాడో, నా చేతిలోంచి గుంజుకున్నాడు. తానే కప్పాడు, పాదాల దాకా సర్దాడు. ఆమె తల పక్కన కూలబడ్డాడు.

"అక్కా, ముందురోజు మాపటికి అన్న కడుపునిండ తిన్నడా?"

డప్పులు మోగుతూనే ఉన్నాయి. పాడె ఎత్తాలని ఎవరో భుజం తట్టారు. నాయిన ఆమె నోటి దగ్గర చెవి పెట్టి, అట్లాగే వంగి ఉండిపోయాడు.